ఓవెన్ లేని ఇంట్లో గుమ్మడికాయ సూపు

సంక్రాంతి వెళ్ళిన వారం. పిట్టలవానిపాలెంలో మా ఇంటి అటక మీద రెండు తీపి గుమ్మడికాయలు మిగిలాయి. ఒకటి మా గడ్డివామి మీదికి పాకిన తీగది. రెండోది పండగనాడు దానంగా వచ్చింది. పెద్దపండగ పులుసు అయిపోయింది, కనుమ గారెలు అయిపోయాయి, చుట్టాలు కూడా బస్సెక్కేశారు. ఈ రెండూ మాత్రం మాకేం తొందర అన్నట్టు కూర్చున్నాయి.

బాపట్లలో డిగ్రీ చదువుతున్న మా అన్నయ్య కూతురు ఆ సాయంత్రం ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. తెల్లటి గిన్నెలో నారింజరంగు సూపు, దాని మీద క్రీముతో ముగ్గుగీతలాంటి చుట్టు.

"ఇట్టాంటిది ఒక్కసారన్నా చెయ్యాలని ఉంది బాబాయ్. కానీ మనకేముంది చెప్పు?" అంటూ వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "ఓవెన్ లేదు. ఆ కాయేమో బటర్‌నట్ స్క్వాష్ అంట, అది ఇక్కడ దొరకదు. క్రీము లేదు. స్టాక్ అంట, అదీ లేదు. చేత్తో పట్టుకుని తిప్పే బ్లెండర్ అసలే లేదు."

ఐదు వేళ్ళూ మడుచుకున్నాయి. పిడికిలి తయారైంది. ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు. అబద్ధపు సాకైతే మనకే సిగ్గేసి వదిలేస్తాం. నిజమైన సాకు అట్టా కాదు, దాన్ని ఏళ్ళ తరబడి పెంచుకుంటాం, నీళ్ళు పోస్తాం, ఎవరన్నా అడిగితే గర్వంగా చూపిస్తాం కూడా.

నా సంగతే చెబుతాను. రాసుకోవడానికి విడిగా గది లేదని పన్నెండేళ్ళు నేనేమీ రాయలేదు. గది లేని మాట నిజమే. ఇప్పటికీ లేదు. ఈ అధ్యాయం రాస్తున్నది వడ్లబస్తాల పక్కన, ఎలుకల చప్పుడు వింటూ. మారిందల్లా నేను అడిగే ప్రశ్న. 'నాకు గది ఎప్పుడు వస్తుంది' అని అడగడం మానేసి, 'గది నాకు ఏం పని చేసిపెడుతుంది' అని అడిగాను. రెండు గంటలపాటు ఎవరూ పిలవకుండా చూస్తుంది, అంతే. ఆ పని మా ఊళ్ళో తెల్లవారుజాము నాలుగు గంటల వేళ కూడా చేస్తుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్న పద్ధతి ఇదొక్కటే. లేని వస్తువు పేరు పట్టుకుని వేలాడకండి, అది చేసే పనేమిటో అడగండి. దీన్ని ఉపన్యాసంగా చెబితే ఎవరూ వినరని తెలిసే సూపు వండి చూపిస్తున్నాను.

పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు నిలువుగీత కొట్టి మా అమ్మాయి (అన్నయ్య కూతురంటే నాకూ కూతురే) చేతికిచ్చాను. ఎడమపక్క లేనివాటి పేర్లు. కుడిపక్క ఒక్కో వస్తువు చేసే పని, నాయనమ్మకి అర్థమయ్యే తెలుగులో. ఎడమపక్క అర నిమిషంలో నిండింది. కుడిపక్క ఓవెన్ దగ్గరే ఆగిపోయింది.

"ఓవెన్ అంటే... వేడి చేసిద్ది."

"పొయ్యి కూడా వేడి చేసిద్ది గదమ్మా. తేడా ఏంది?"

వీధరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ తలెత్తకుండానే అంది: "వంకాయ కాల్చి పచ్చడి నూరుకునేదానికి ఏం ఓవెన్ ఉందే మీ ఇంట్లో?"

తేడా అక్కడుంది. ఓవెన్ పని పొడి వేడి ఇవ్వడం, నీళ్ళ ప్రమేయం లేకుండా. నీళ్ళల్లో ఉడికే వస్తువు వేడి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మీరు ఎంత మంట పెట్టినా సరే. గుమ్మడికాయ కండలో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే. ఉడకబెడితే మెత్తబడుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. పైన తడి ఆరి, వేడి 140 డిగ్రీలు దాటాక అసలు కథ మొదలవుతుంది. అంచులు ఎర్రబడతాయి, తీపి చిక్కబడుతుంది, పచ్చివాసన పోయి వేపుడువాసన వస్తుంది. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ మార్పుని వివరించాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. వేరుశెనగపప్పులు వేయించేటప్పుడు, అట్టు అంచు కరకరలాడేటప్పుడు మన వంటింట్లో జరిగేది కూడా అదే. కాల్చిన వంకాయ పచ్చడికీ ఉడికించిన వంకాయ కూరకీ తేడా తెలిసిన నాలుక మీకుంటే, రోస్టింగ్ అన్న మాటకి భయపడక్కర్లేదు.

ఇక బటర్‌నట్. ఈ పేరు చూసి మా అమ్మాయిలాగే నేనూ ఏదో దేవలోకపు కాయనుకున్నాను. అది 1940లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో తయారైన రకం. వృక్షశాస్త్రం దాన్ని కుకుర్బిటా మొస్కాటా అంటుంది. మన పెరళ్ళలో పాకే తీపి గుమ్మడి రకాల్లో చాలావాటి జాతి కూడా అదే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క చందన్ ఈ జాతిదే. అసలు ఈ జాతి పుట్టింది అమెరికా ఖండాల్లోనే. మిరపకాయలాగే సముద్రం దాటి వచ్చి మన వాకిళ్ళలో గొబ్బెమ్మల మీద పువ్వై కూర్చుంది. అంటే ఆ పిల్ల వీడియోలో చూసి ఊరించుకున్న కాయకి స్వయానా అక్క మా అటక మీద కూర్చుని ఉంది. ఒక్క తేడా ఉంది, దాచకుండా చెప్పాలి. బటర్‌నట్‌లో పీచు తక్కువ. మన కాయలో కొంచెం ఎక్కువ. దానికి జల్లెడ ఉంది.

మిగిలినవి వరసగా రాలిపోయాయి. క్రీము పని కొవ్వూ నున్నదనమూ ఇవ్వడం. పాల మీద మీగడ ఉంది, డబ్బాలో వేటపాలెం జీడిపప్పు ఉంది. స్టాక్ పని వట్టి నీళ్ళకి రుచి ఇవ్వడం. మనం పారేసే గింజలూ పీచూ ఆ పని చేస్తాయి. బ్లెండర్ పని ముద్దని మెత్తగా చెయ్యడం. మిక్సీ ఉంది, కరెంటు పోతే పప్పుగుత్తి ఉంది. కాగితం కుడిపక్క నిండేసరికి మా అమ్మాయి మొహంలో చిన్న నిరాశ కూడా కనిపించింది. సాకు పోయినప్పుడు అట్టాగే ఉంటుంది. ఇక చెయ్యక తప్పదు కదా.

ఇక్కడ ఒక మాట. అన్ని లేములూ ఇట్టా కాగితం మీద కరిగిపోవు. హైతీ అనే దేశంలో గుమ్మడికాయ సూపు స్వాతంత్ర్య దినపు వంటకం. అక్కడి జనం ఫ్రెంచివాళ్ళ కింద బానిసలుగా ఉన్న రోజుల్లో దొరల కోసం ఆ సూపు వండింది వాళ్ళే, తాగే హక్కు మాత్రం వాళ్ళకి లేదు. 1804 జనవరి 1న స్వతంత్రులయ్యారు. అప్పట్నుంచి ఏటా జనవరి ఒకటిన ఇంటింటా అదే సూపు వండుకుని పంచుకుంటారు. 2021లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళకి కాయ ఉంది, నిప్పు ఉంది, చేతుల్లో పనితనం ఉంది, అడ్డుపడింది ఇంకొకళ్ళ కొరడా. అట్టాంటి లేమికి కూడా 'నీ ఆలోచన మార్చుకో' అని ఊదరగొట్టే వ్యక్తిత్వ వికాస పుస్తకాలంటే నాకు ఒళ్ళుమంట. నేను మాట్లాడుతున్నది ఎవరూ అడ్డుపడకపోయినా మనకై మనం కట్టుకున్న దడి గురించి.

సరే, అటక దిగుదాం.

కాయని ఎంచుకోవడం దగ్గరే సగం వంట అయిపోతుంది. తొడిమ ఎండి బెరడులా ఉండాలి. తొక్క మీద గోరు గుచ్చితే దిగకూడదు. వేళ్ళతో తడితే డొల్లగా, గుమ్మెటలా పలకాలి. సైజుకి తగ్గ బరువుండాలి. తొడిమ ఊడిన కాయని నిలవపెట్టుకోవద్దు, కుళ్ళు అక్కణ్ణుంచే మొదలవుతుంది. లేతకాయతో ఈ సూపు రాదు. పంచదార వేసినా రాదు, జీడిపప్పు రెట్టింపు చేసినా రాదు. ఇందాక చెప్పిన పద్ధతికి ఇది హద్దు. తీపి అనే పనిని చేసేది పండిన కండే, ఇంకేదీ కాదు. లేతకాయ చేతికొస్తే ఆ పూటకి కూర చేసుకుని, సూపు కోసం నెల ఆగండి.

కాయ కొయ్యడం గురించి మా ఇళ్ళల్లో ఒక పట్టింపు ఉంది. నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టకూడదంటారు. మగవాడెవరన్నా ఒక గాటు పెట్టాకే వాళ్ళు ముక్కలు చేస్తారు. మా చిన్నప్పుడు నాన్న పొలం నుంచి వచ్చేదాకా కాయ కత్తిపీట పక్కనే పడిగాపులు పడేది. ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ పక్కింటి పిల్లాణ్ణి పిలిచి, నాలుగేళ్ళవాడి చేత కత్తి ముట్టించి, అమ్మయ్య అనుకుని కోసుకునేది. పట్టింపులో ఎంత అర్థముందో నేను తేల్చను. నాలుగేళ్ళవాడి చెయ్యి పనికొచ్చినప్పుడు ఇరవయ్యేళ్ళ పిల్ల చెయ్యి ఎందుకు పనికిరాదో మాత్రం నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఆ రోజు మా అమ్మాయే కోసింది. మా అమ్మ చూసీ చూడనట్టు చిక్కుడుకాయల్లోకి తల వంచుకుంది.

కోసేటప్పుడు జాగ్రత్త. కింద తడిగుడ్డ మడిచి వేస్తే కాయ దొర్లదు. తొడిమ మీదుగా కొయ్యబోకండి, కత్తి ఇరుక్కుంటుంది. తొడిమకి పక్కగా మొన దింపి, కాయని తిప్పుకుంటూ కిందికి రండి.

నలుగురికి తొక్కతో సహా కిలో ముక్క చాలు. రెండు ఉల్లిపాయలు, పొట్టు తియ్యని వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, రెండు చెంచాల వేరుశెనగ నూనె, పన్నెండు జీడిపప్పులు, రెండు చెంచాల మీగడ, అర చెంచా మిరియాల పొడి, చిన్న అల్లం ముక్క, ఉప్పు, అర చెక్క నిమ్మకాయ. జీడిపప్పుని ముందే అరగంట వేడినీళ్ళల్లో నానెయ్యండి.

కాల్చడానికి మూడు దారులున్నాయి. ఓవెన్ ఉన్నవాళ్ళు 200 డిగ్రీల్లో ముప్పావుగంట పెట్టుకోండి, మీతో నాకు పెద్ద పని లేదు. గ్యాసు పొయ్యి ఉన్నవాళ్ళు బరువైన ఇనప మూకుడు తీసుకోండి. తొక్క తీసి, ఒకటిన్నర అంగుళం ముక్కలు కోసి, గుడ్డతో తడి అద్ది, కాగిన నూనెలో ఒకే వరసగా పరవండి. ఒకదాని మీద ఒకటి పడితే ఆవిరి పుట్టి ఉడికిపోతాయి. ఉప్పు ఇప్పుడే వెయ్యొద్దు, ఉప్పు తగిలితే ముక్క నీళ్ళు వదులుతుంది. వేశాక ఆరేడు నిమిషాలు గరిటె ముట్టుకోవద్దు. ఈ ఆరేడు నిమిషాలే అందరూ ఓడిపోయే చోటు. మన చెయ్యి ఊరుకోదు. కలపకపోతే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అడుగు ఎర్రబడకముందే కదిపితే మళ్ళీ మొదటికొస్తుంది. ఎర్రబడ్డాక అట్లకాడతో తిరగేసి, ఉల్లిపాయ చీలికలూ వెల్లుల్లీ చేర్చి, మంట తగ్గించి, మొత్తం అరగంట. వేలితో నొక్కితే వెన్నలా దిగాలి.

మూడోది నాకిష్టమైన దారి. మా వైపు దాళవా (రెండో పంట వరి) లేని చేలల్లో వరి తర్వాత మొక్కజొన్న వేస్తారు, కండెలు ఊరికే పడుంటాయి. సముద్రం వైపు ఇసక నేలల్లోంచి సరుగుడు కట్టె వస్తుంది. సరుగుడు నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. మంట చల్లారి, నిప్పుల మీద పల్చగా బూడిద కమ్మాక, గింజలు తీసిన పెద్ద చెక్కని తొక్కవైపు కిందికి పెట్టి వాటి మీద ఉంచండి. కండవైపు నూనె చేతితో రాయండి. పైన మూకుడు బోర్లించండి. వెల్లుల్లినీ ఉల్లిపాయనీ పొట్టుతోనే నిప్పుల అంచున పెట్టండి. ముప్పావుగంటకి తొక్క బొగ్గవుతుంది, లోపల కండ జున్నులా ఉంటుంది. చెంచాతో గీకితే వస్తుంది. ఆ పొగవాసన ఏ ఓవెనూ ఇవ్వలేదు. లేని వస్తువుకి బదులు వెతుక్కుంటూ పోతే, ఒక్కోసారి అసలుకన్నా మంచిది దొరుకుతుంది. ఒక్కోసారే సుమండీ, ప్రతిసారీ కాదు.

కాలుతుండగానే రెండో పొయ్యి మీద గింజలూ పీచూ, కొత్తిమీర కాడలు, నాలుగు మిరియాలు మూడు గ్లాసుల నీళ్ళల్లో వేసి ఇరవై నిమిషాలు సన్నటి మంట మీద మరగనివ్వండి. వడగడితే లేత పసుపురంగు నీళ్ళు వస్తాయి. ఇదే మీ స్టాక్. గింజలు కొన్ని ముందే పక్కన పెట్టుకుంటే ఎండలో ఆరబెట్టి వేయించుకోవచ్చు, సూపు మీద చల్లితే పంటికి తగులుతాయి.

ఇక మెత్తగా చెయ్యడం. మొదటిసారి నేనే పాడుచేశాను. తొందరలో సలసలమంటున్న ముద్దనీ నీళ్ళనీ జారు నిండా పోసి, మూత బిగించి, మీట నొక్కాను. లోపలి ఆవిరి మూతని ఎగరగొట్టింది. గోడ, క్యాలెండరు, నా చొక్కా, అన్నీ నారింజరంగు. చెయ్యి కాలలేదు, అది నా అదృష్టమే తప్ప తెలివి కాదు. మీరు పదిహేను నిమిషాలు చల్లార్చండి. జారులో సగానికి మించి పొయ్యకండి. మూత మీద గుడ్డ వేసి చేత్తో నొక్కిపట్టి, ఆపి ఆపి తిప్పండి. గుజ్జు, వెల్లుల్లి పొట్టు తీసి అదీ, ఉల్లిపాయ, అల్లం, నానిన జీడిపప్పు, రెండు గ్లాసుల గింజల నీళ్ళు, అన్నీ కలిపి రెండు మూడు విడతలుగా రుబ్బుకుని జల్లెడ మీద వడకట్టండి. గరిటె వెనకతో రుద్దితే పీచు పైన ఉండిపోతుంది. ఈ జల్లెడ పని విసుగే. మానేస్తే మాత్రం నాలుక మీద దారాలు తగులుతాయి, అప్పుడది సూపు కాదు.

మళ్ళీ సన్నటి మంట. చిక్కదనం గరిటె వెనక అంటుకుని నెమ్మదిగా జారేటట్టు ఉండాలి. గట్టిపడితే మిగిలిన నీళ్ళు పొయ్యండి. ఉప్పూ మిరియాల పొడీ ఇప్పుడు. మీగడని చిలికి పొయ్యి ఆపాక కలపండి. మరుగుతున్నప్పుడు వేస్తే విరిగినట్టవుతుంది. ఈ మీగడ రుచి కోసమే కాదు. గుమ్మడికాయ రంగుకి కారణమైన బీటా కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది, ఆ కాస్త కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. చక్కెర జబ్బున్నవాళ్ళు ఇది తియ్యటి కాయని గుర్తుపెట్టుకుని చిన్న గిన్నెతో సరిపెట్టుకోవాలి.

మొదటి గిన్నె మా అమ్మకిచ్చాం. ఒక్క గుక్క తాగి, గిన్నె కింద పెట్టి, "ఉప్పేసిన పాయసంలాగుంది" అంది.

మా అమ్మాయి మొహం మాడిపోయింది. నాకు మాత్రం ఆ మాటలో పని కనిపించింది. తీర్పుగా తీసుకుంటే ఆ పూటకి వంట అక్కడితో ఆగేది. కబురుగా తీసుకుంటే అది చెబుతున్నది ఇంతే: తీపికి ఎదురు నిలిచేది ఏదీ ఇందులో లేదు. పడమటి దేశాలవాళ్ళకి తీపీ ఉప్పూ కలిసినా ఫరవాలేదు. మనకి తీపి గుమ్మడి అంటే పులుసు, పక్కనే చింతపండూ మిరపకాయా ఉండాలి. నిమ్మకాయ అర చెక్క పిండాం. చెంచా నెయ్యి కాచి జీలకర్ర, ఒక ఎండుమిరపకాయ, కరివేపాకు చిటపటలాడించి పైన పోశాం. క్రీముతో గియ్యాల్సిన ముగ్గుగీత స్థానంలో తిరగమోత చుట్టు తిరిగింది. ఫోటోకి అంత బాగా రాలేదు.

రెండోసారి అమ్మ గిన్నె ఖాళీ చేసింది. బాగుందని అనలేదు. "అన్నంలోకి ఏం చేశారు?" అని అడిగింది.

మీరు కాయ కోసిన రోజే ఈ సూపు పెట్టుకోండి. మొదటిసారి చెడిపోతే ఎంతో పోయేది లేదు, ఇంకో సగం ఉంటుంది. ఆ సగంలో గింజలూ పీచూ తీసేసి, గుడ్డ కప్పి చల్లటి చోట పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడెయ్యండి. మాది మర్నాడు మధ్యాహ్నమే దప్పళంలోకి వెళ్ళిపోయింది.